వేరే గిన్నె

ఫిబ్రవరి 6

అక్కయ్యకు,

చేరాను. రైలు రెండు గంటలు ఆలస్యం, పనిముట్ల పెట్టె చక్రం ఒకటి ఊడింది, మిగతా అంతా బాగానే ఉంది. ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు, వినపడిన సగం నువ్వు నమ్మవు. అందుకని ఉత్తరమే మేలనుకున్నాను. ఇది కంపెనీ పని చీటీ వెనక రాస్తున్నాను. రోజంతా పుస్తకాలు కుట్టి అట్టలు వేసే చేతులు కదా నీవి, ఈ కాగితం తాకగానే ముఖం చిట్లిస్తావని తెలుసు. ఈసారికి సర్దుకో.

నాన్న ముప్ఫై ఏళ్ళు తిరిగిన ఆరు ఊళ్ళే నాకూ ఇచ్చారు. ఒక్కో ఊళ్ళో పనిని బట్టి రెండు నుంచి ఐదు వారాలు. బట్టలు కుట్టే షాపులకు వెళ్ళడం, పాడైన కుట్టు మిషన్లు విప్పడం, బిగించడం, అంతే పని. మొదటి రోజే ఒక వింత జరిగింది. కాలర్లు కుట్టే పాత మిషన్ ఒకదాన్ని బల్ల మీద వెల్లకిలా తిప్పి, అడుగున పేరుకున్న నూనె మడ్డి గీకాను. మడ్డి కింద మూడు చుక్కలు, వాటి కింద ఒక గీత. నాన్న గుర్తు. తను బాగుచేసిన ప్రతి మిషన్ అడుగునా పంచ్‌తో కొట్టేవాడు కదా, మళ్ళీ చేతికొస్తే పోల్చుకోవడానికి. నేను అలాగే చూస్తూ ఉండిపోయాను. సూపర్‌వైజర్ వచ్చి "ఏమైంది, పగిలిందా?" అన్నాడు. "లేదు, మా నాన్న" అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. ఆ చుక్కల మీద వేలు పెట్టి చూశాను అక్కయ్యా. ఆ చెయ్యి పోయి ఇరవై రెండేళ్ళయింది, ఆ మిషన్ ఇంకా కాలర్లు కుడుతూనే ఉంది.

ఇక తిండి సంగతి. నువ్వు కట్టిచ్చిన పొట్లాలు నాలుగో రోజుకు నిండుకున్నాయి. ఆ తర్వాత హోటళ్ళ మీద పడ్డాను. మొదటి హోటల్లో "మాంసం లేనిది ఏముంది?" అని అడిగాను. సర్వరు చాలాసేపు ఆలోచించి "కుర్చీలున్నాయి" అన్నాడు. హాస్యానికి అన్నాడో, ఉన్న మాటే అన్నాడో ఇప్పటికీ తెలియదు. రెండో చోట కాయగూరల సూపు తెచ్చారు, చెంచా వేస్తే అడుగున ఎముక తగిలింది. చూపిస్తే సర్వరు ఎంతో మర్యాదగా, నా ఎదుటే, తన వేళ్ళతోనే ఎముక తీసేసి "ఇప్పుడు తినండి" అన్నాడు. మూడో చోట ఉత్త అన్నం చాలన్నాను. తెచ్చారు. అన్నం మెరుస్తోంది. ఎందుకు మెరుస్తోందని అడిగితే "కోడి ఉడికిన నీళ్ళతో వండుతాం, అందులో కోడి మాత్రం లేదండీ" అని నొచ్చుకున్నాడు వంటాయన. నిన్నా ఇవాళా అరటిపళ్ళు, రొట్టె, వేరుశెనగలతో గడిపాను. ప్యాంటు నడుము దగ్గర రెండు వేళ్ళు దూరుతున్నాయి.

ఒకటి మాత్రం అర్థం కావడం లేదు. నాన్న ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళలో ఏం తిన్నాడు? ఒక్కసారి కూడా చిక్కి ఇంటికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

మెరిసే అన్నానికి జడిసిన
నీ తమ్ముడు


ఫిబ్రవరి 15

చిన్నోడా,

ఉత్తరం అందింది. ముందు వైపు "సూది కడ్డీ అరిగినది, మార్చవలెను" అని ఉంటే అది కూడా చదివాను. రాసింది నువ్వే అయినా దానిలోనే ఎక్కువ వినయం కనిపించింది. కాగితం నాసిరకం, పదేళ్ళకు పొడి అయిపోతుంది. ఒక దస్తా మంచిది కొనుక్కో.

ఇక్కడ కాలేజీ లైబ్రరీ వాళ్ళు ఎనభై పాత అట్లాసులు పంపారు. వెన్నులన్నీ విరిగిపోయాయి. వర్క్‌షాప్‌లో జిగురు కాగుతూ ఉంటే కిటికీలన్నీ తెరిచి పని చేస్తున్నాను. నీకు పెళ్ళి లేదు, నాకు లేదు. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో వంట ఎందుకు చేయాలో నాకే తెలియడం లేదు. గిన్నెడు వండి మూడు పూటలు తింటున్నాను.

హోటళ్ళ గురించి నీకు సలహా చెప్పాలంటే నాకే నవ్వొస్తోంది. యాభై మూడేళ్ళలో బయట మెతుకు ముట్టిన దాన్ని కాదు. గట్టు మీద కూర్చుని ఈత నేర్పినట్టు ఉంటుంది. అయినా విను. లోపలికి వెళ్ళగానే కూర్చోకు, ముందు వాసన చూడు. పళ్ళు నీ చేత్తో నువ్వే వలుచుకో. పాలు నీ ఎదుట కాచమను. సందేహం ఉంటే లేచి వచ్చెయ్యి, సిగ్గుపడకు. సిగ్గు కడుపుకు చేటు.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా తియ్యగా "మీకు వేరుగా చేసి పెడతాం" అంటే నమ్మకు. అవన్నీ వేరే గిన్నె కథలు. మనింట్లో అబద్ధానికి ఆ పేరు ఊరికే రాలేదు.

నాన్న ఏం తిన్నాడని మాత్రం నన్ను అడగకు.

జిగురు చేతులతో,
అక్కయ్య


ఫిబ్రవరి 27

అక్కయ్యకు,

చూశావా, మంచి కాగితం. దీన్ని ఎండకు పట్టి చూసి, గీతలు నిలువా అడ్డమా అని ఆలోచిస్తావని నాకు తెలుసు.

రెండో ఊరు వచ్చాను. తిండి దొరికింది. అది ఎలా దొరికిందో రాయాలంటే కొంచెం నిదానంగా రాయాలి. స్టేషన్ ఎదురుగా ఒక హోటల్ ఉంది. పసుపు తలుపులు, మూడు మెట్లు. అద్దాల వెనక కొక్కేలకు మాంసం వేలాడుతూ ఉంటుంది. మామూలుగా అయితే అటువైపు కన్నెత్తి చూసేవాణ్ణి కాదు. వాన దంచుతుంటే చూరు కిందికి పరుగెత్తాను, చూరు చాలక లోపలికి వెళ్ళాను. గల్లా దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్లజుట్టు, దారంతో మెడకు కట్టుకున్న కళ్ళజోడు. ఇక్కడ కూడా కుర్చీలే ఉంటాయనుకుంటూ అడిగాను. ఆవిడ వంటింటి వైపు తిరిగి ఒక్క వేలు పైకెత్తింది. లోపల అప్పటిదాకా అరుపులు, గిన్నెల చప్పుళ్ళు. అదంతా ఒక్క క్షణం ఆగింది. ఎవరో "ఒకటి" అన్నారు. మళ్ళీ చప్పుడు మొదలైంది.

పావుగంటకు అన్నం, చిక్కుళ్ళు, క్యారెట్లు, మీద కొంచెం మిరియాలు. అన్నం మెరవడం లేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఏ వాసనా లేదు, కూరగాయల వాసన తప్ప. అంత మాంసం మధ్య అంత శుభ్రమైన కూర ఎలా వండుతారు? అడగాలని నోటిదాకా వచ్చింది. వేరే గిన్నె కథ వినాల్సి వస్తుందని మానేశాను. ఆవిడే నా ముఖం చూసి "నిశ్చింతగా తినండి" అంది. ఎందుకో నమ్మాను. వేలు ఎత్తిన తీరు అలా ఉంది. తొమ్మిది రోజులుగా రెండు పూటలా అక్కడే తింటున్నాను. ప్యాంటు మళ్ళీ సరిపోతోంది.

ఇంతకీ ఆ సామెత మనింట్లోకి ఎలా వచ్చింది? నాకు ఊహ తెలిసేసరికే ఉంది. నేను పెన్సిల్ పోగొట్టుకుని ఏదో చెబితే అమ్మ "వేరే గిన్నె చెప్పకు" అనేది. కంచం సంగతి కూడా గుర్తొచ్చింది. నాన్నకు వేరే కంచం ఉండేది, కంచుది, వసారా గూట్లో దానికి ప్రత్యేకంగా చోటు. దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. చిన్నప్పుడు ఆ కంచం మీద నాకెంత ఈర్ష్యో. ఇంటి పెద్దకు ఎంత గౌరవం అనుకునేవాణ్ణి. ఎప్పటికైనా నాకూ అలాంటి కంచం పెడతారని ఎదురుచూశాను కూడా.

కడుపు నిండిన
తమ్ముడు


మార్చి 8

చిన్నోడా,

పసుపు తలుపులు, మూడు మెట్లు, కొక్కేలకు మాంసం. నువ్వు రాయకముందే నాకా హోటల్ తెలుసు. నలభై ఒక్క ఏళ్ళుగా తెలుసు. చెప్పకూడదనుకున్నాను, నువ్వే చెప్పించావు.

నాకు పన్నెండేళ్ళు, నీకు మూడు. వెనక వీధి ఫోటోగ్రాఫర్ ఏదో పెళ్ళి పని మీద ఆ ఊరు వెళ్ళాడు. తిరిగొచ్చి మన గేటు దగ్గర నిలబడి నవ్వుతూ అన్నాడు, "మీ నాన్న భలేవాడమ్మా. స్టేషన్ ముందు మాంసం హోటల్లో, వేలాడే మాంసం కింద కూర్చుని, పొగలు కక్కే గిన్నె ముందు పెట్టుకుని తింటున్నాడు." మూడు తరాలుగా మనింట్లో నీచు ఎరగం. నేను ఆ మాట మోసుకుంటూ ఒక్క పరుగున అమ్మ దగ్గరికి వెళ్ళాను. మోసింది నేనే. గుర్తుపెట్టుకో.

నాన్న వచ్చాడు. అమ్మ గుమ్మంలోనే అడిగింది. ఆయన చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండా, "అక్కడ నాకు వేరే గిన్నె ఉంది" అన్నాడు. అమ్మ నవ్వింది. "మాంసం హోటల్లో మీకోసం వేరే గిన్నె పెట్టారా. అయితే వేరే పొయ్యి, వేరే వంటమనిషి కూడా ఉండుంటారు" అంది. ఆయన "ఉన్నారు" అన్నాడు. అప్పుడు నేనూ నవ్వాను. మర్నాడు వసారా గూట్లో కంచం పెట్టింది అమ్మ. ఆయన కంచం చూశాడు, అమ్మను చూశాడు, కూర్చుని తిన్నాడు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ కంచం కడిగే పని నాది. ఇంట్లో గిన్నెలన్నీ అయ్యాక, చిట్టచివర, పెరటి కుళాయి దగ్గర, వేరే పీచుతో. ఆయన పోయిన రోజు పొద్దున కూడా అలాగే కడిగాను. నువ్వు గౌరవం అనుకున్నది అదిరా.

ఇప్పుడు నువ్వూ అవే మెట్లెక్కావు. వేలెత్తితే వంట వచ్చేసిందట, నువ్వు నమ్మావట. నలభై నాలుగేళ్ళ మగవాడివి, నీకు నేనేం చెప్పగలను. ఆ కంచం అటక మీద ఉంది. దించమంటావా?

అక్కయ్య


మార్చి 14

అక్కయ్యకు,

దించు. తోమి పెట్టు. ఇంటికి రాగానే అందులోనే తింటాను.

నన్ను అన్నందుకు నాకు కోపం లేదు. నన్ను ఎన్ని అన్నా నీకు చెల్లుతుంది, ఎత్తుకుని పెంచిన దానివి. కానీ నాన్న "ఉన్నారు" అన్నాడని నువ్వే రాశావు. అంత చిన్న మాట. అబద్ధం చెప్పేవాడు అంతకంటే పెద్దది చెప్పడా? మాట మోసినప్పుడు నువ్వు పన్నెండేళ్ళ పిల్లవి, ఒప్పుకుంటాను. ఆ తర్వాత అన్నేళ్ళూ పిల్లవి కాదు కదా.

రుజువు పంపుదామంటే నా దగ్గర లేదు. వంటింట్లోకి ఎవరినీ రానివ్వరు. నిన్న అడిగాను. "వంటిల్లు చూస్తే ఆకలి చస్తుంది, తిని వెళ్ళండి" అంది పెద్దావిడ. కాబట్టి నాన్న ఏం తిన్నాడో నాకు తెలియదు, నేనేం తింటున్నానో కూడా నీ లెక్కలో నాకు తెలియదు. ఇరవై మూడున ఇక్కడి నుంచి మూడో ఊరు వెళతాను. ఈ ఆరు ఊళ్ళ లైను వదులుకుందామా అని కూడా ఆలోచిస్తున్నాను. ప్రతి మిషన్ కిందా ఆయన గుర్తు కనిపిస్తుంటే పని సాగడం లేదు.

తమ్ముడు


మార్చి 18

కార్డు ముక్క మీద రాస్తున్నాను, చోటు తక్కువ. పొట్లం పంపాను, పదిరోజులకు సరిపోతుంది. తింటే తిను, లేకపోతే ఎవరికైనా పెట్టు. నిచ్చెన వేసి అటక ఎక్కాను. కంచం కనపడింది. చెయ్యి రాలేదు, దిగిపోయాను. లైను వదిలేస్తానని తొందరపడి ఎవరికీ చెప్పకు.

అక్క


మార్చి 22

అక్కయ్యా,

కూర్చుని చదువు. నిలబడి చదవకు. పక్కన జిగురు కాగుతుంటే దించేసి రా.

నిన్న మధ్యాహ్నం తినడం అయ్యాక పెద్దావిడ నా బల్ల దగ్గరికి వచ్చి "మీరు మిషన్లు చూస్తారటగా. మా ఏప్రన్లు కుట్టే మిషన్ దారం తెంపుతోంది. పొరుగున మెకానిక్ ఎవరూ లేరు" అంది. మిషన్ వంటింటి వెనక గదిలో ఉంది. వంటింట్లోంచే వెళ్ళాలి. అలా వెళ్ళాను.

ఎనిమిది పొయ్యిలు. ఆవిరి, తడి నేల, ఇద్దరు మనుషులు మాంసం కోస్తున్నారు. నేను ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను, దాచను. కానీ కిటికీ పక్క మూలన ఒంటరిగా ఒక పొయ్యి ఉంది. దాని పైన తెల్లగా సున్నం వేసిన ఒక అర. ఆ అర మీద ఒక గిన్నె బోర్లించి ఉంది, దాని గరిటె మేకుకు, దాని కత్తి, దాని చెక్క విడిగా. ఇంకేమీ లేవు. అంత ఇరుకు వంటింట్లో, మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ తిరిగే చోట, ఆ అర మీద ఇంకొక చెంచా కూడా పెట్టలేదు. మాంసం ట్రే మోసుకెళ్ళే మనిషి ఆ మూల రాగానే బల్లల చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి వెళ్ళాడు. ఎవరూ చెప్పలేదు. నన్ను చూసి చేసింది కాదు, నేను అక్కడున్నట్టే అతనికి తెలియదు. కాళ్ళకు అలవాటైన దారి అది.

నేను వెనక గదిలో మిషన్ దగ్గరికి వెళ్ళి తిప్పాను. అడుగున మూడు చుక్కలు, ఒక గీత.

లేచి వంటింట్లోకి వచ్చాను. ఆ గిన్నె బోర్లించి ఉందని రాశాను కదా. దగ్గరికి వెళ్ళాను. ముట్టుకోలేదు, వంగి చూశాను. గిన్నె అడుగున, మసికి నల్లబడి, అయినా తోమి తోమి స్పష్టంగా, మూడు చుక్కలు. కింద గీత.

పక్కన పిండి బస్తా ఉంటే దాని మీద కూర్చుండిపోయాను. పెద్దావిడ కంగారుపడి నీళ్ళు తెచ్చింది. "ఈ గుర్తు ఎవరిది?" అని అడిగాను.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "నాకు పదహారేళ్ళప్పుడు, హోటల్ మా అమ్మ నడిపేది. ఒక రోజు పనిముట్ల పెట్టెతో ఒకాయన వచ్చి, మాంసం లేనిది ఏముందని అడిగారు. ఏమీ లేదు. మంచినీళ్ళు తాగి, దండం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఆయన వెళ్ళేదాకా చూసింది. నా గడప దిగి ఆకలితో వెళ్ళిన మొదటి మనిషి అంది. ఆ పూట ఆవిడా తినలేదు. మర్నాడు బజారుకెళ్ళి ఈ గిన్నె కొనుక్కొచ్చింది. నాలుగైదు నెలల తర్వాత ఆయన మళ్ళీ స్టేషన్ దిగితే, పిలిచి, ఖాళీ గిన్నె బల్ల మీద పెట్టింది. ఇందులో ఇంతవరకు ఏదీ వండలేదు, ఏం వండాలో మీరే చెప్పండి అంది. ఆయన గిన్నె చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత లోపలికి వచ్చి, వేరే పొయ్యి ఎక్కడ పెట్టాలో, ఎలా కడగాలో ఆయనే చెప్పారు. పొద్దున్నే మొదటి నీళ్ళు దీనికే. దీని తర్వాతే మిగతావన్నీ. పొరపాటున కలిసిపోకుండా ఆయనే అడుగున గుర్తు కొట్టారు. అడక్కుండానే మా మిషన్ కూడా బాగుచేశారు."

"ఆయన రావడం ఆగిపోయాక?" అన్నాను.

"మా అమ్మ రెండేళ్ళు ఎదురుచూసింది. తర్వాత అంది, ఆయన ఒక్కడికే అనుకున్నాం గానీ అడిగేవాళ్ళు ఇంకా వస్తారే అని. వస్తుంటారు. ఆస్పత్రికి వచ్చే ఒకామె, చదువుకునే పిల్లలు, మీరు. కొన్ని వారాలు ఒక్కరూ రారు. అయినా రోజూ పొద్దున కడుగుతాం. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు మొదట నేర్పేది ఈ గిన్నె సంగతే."

నలభై ఏళ్ళు దాటింది అక్కయ్యా. అమ్మ పోయింది, వాళ్ళమ్మ పోయింది, నాన్న పోయాడు. ఇవాళ పొద్దున కూడా ఆ గిన్నె ముందు కడిగారు. వేరే పొయ్యి ఉంది. వేరే వంటమనిషి కూడా ఉన్నాడు, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకున్నాక గానీ దాన్ని ముట్టడు. నాన్న "ఉన్నారు" అన్నాడు. ఉన్నారు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆపితే నీకు సగమే రాసినట్టవుతుంది. ఆయన నాకేమవుతారని పెద్దావిడ అడిగింది, చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీ ఇంటి గురించి ఎంత చెప్పేవారో. మా అమ్మ ఒకసారి, ఇక్కడ మీకు వేరే గిన్నె ఉందని ఇంట్లో తెలుసా అని అడిగింది. తెలుసు, ఆ మాట చెప్పాకే మా ఇంట్లో నాకు వేరే కంచం పెట్టారు, మా అమ్మాయే కడుగుతుంది, ఇంకెవరినీ ముట్టనివ్వదు అన్నారు. మా అమ్మ ఎంత మురిసిపోయిందో. మనం గిన్నె పెడితే వాళ్ళు కంచం పెట్టారు, ఎంత మంచి ఇల్లో అనేది."

నేను తల ఊపాను.

పోయిన ఉత్తరంలో నిన్ను పిల్లవి కాదన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను క్షమించు. రేపు పొద్దున మూడో ఊరు వెళుతున్నాను, కింద చిరునామా రాశాను. నువ్వేం చేయాలో నేను చెప్పను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 3

చిన్నోడా,

ఇది ఆ హోటల్ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. కిటికీలోంచి స్టేషన్ కనిపిస్తోంది. కాగితం వాళ్ళదే, ఆర్డర్లు రాసుకునేది. నాసిరకమే, అయినా ఫర్వాలేదు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి వెళ్ళలేదు. ఎనభై అట్లాసులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడో రోజు నిచ్చెన ఎక్కాను. కంచం నల్లబడిపోయి ఉంది. బూడిద, నిమ్మచెక్క వేసి తోమాను, మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి అంచు మెరిసింది. అట్టలకు వాడే గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. స్టేషన్లో ఏం చెబుతున్నారో నాకు వినపడదు కదా, ప్రతి ఊళ్ళో తల బయట పెట్టి బోర్డు చదువుకుంటూ వచ్చాను. పక్కనున్న ఆమె నాకు పిచ్చి అనుకుని అరటిపండు ఇచ్చింది.

మెట్ల దాకా బాగానే వచ్చాను. రెండో మెట్టు మీద ఆ వాసన కొట్టింది. అక్కడే ఆగిపోయాను. మనుషులు పక్కకు తప్పుకుని వెళుతున్నారు. అప్పుడు ఒకటి అనిపించింది. నాన్నకు కూడా మొదటిసారి ఇదే వాసన కొట్టి ఉంటుంది. ఆయన ఆకలేసి ఎక్కాడు. నాకు నలభై ఒక్క ఏళ్ళ నుంచి ఎక్కాల్సిన మెట్టు ఇది. ఎక్కాను.

పెద్దావిడ గల్లా దగ్గరే ఉంది. బతుకంతా ఎవరినీ అన్నం అడిగిన దాన్ని కాదు. "మాంసం లేనిది" అన్నాను, అంతే వచ్చింది. ఆవిడ వేలు ఎత్తింది. నువ్వు రాసినట్టే లోపల అంతా ఒక్క క్షణం ఆగింది, నాకు చప్పుడు తెలియదు గానీ, తలుపు సందులోంచి కనిపించింది. మనుషులు నిలబడిపోయారు. ఒకతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఎవరో ఊరూ పేరూ తెలియని ముసల్దాని కోసం అంతమంది ఆగారు. దేవుడి గదిలో కూడా మనం అంత నిశ్శబ్దంగా నిలబడమేమో.

సంచిలోంచి కంచం తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ చూసింది. గల్లా వదిలి వచ్చి, రెండు చేతులతో ముట్టుకుంది. "ఇదేనా ఆ కంచం?" అంది, అది మాత్రం పెదాలు చూసి గ్రహించాను. ఆవిడ ముఖంలో ఎంత భక్తి ఉందంటే, ఆ భక్తిని అలాగే ఉండనిస్తే నాకే మేలు. ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోలేకపోయాను.

చెప్పాను. అది గౌరవం కాదమ్మా, శిక్ష అన్నాను. ఆయన మాట మేము నమ్మలేదు, మాట మోసింది నేను, ఇది విడిగా పెట్టింది మా అమ్మ, విడిగా కడిగింది నేను, పంతొమ్మిదేళ్ళు అన్నాను. నా గొంతు నాకు సరిగ్గా వినపడదు కాబట్టి ఎంత గట్టిగా చెప్పానో తెలియదు. పక్క బల్లల వాళ్ళు తినడం ఆపి చూశారు.

ఆవిడ ఏదో అంది. తల వంచుకుని అనడం వల్ల నాకు తెలియలేదు. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పలేదు. లోపలికి వెళ్ళి ఆ గిన్నె తనే తెచ్చి, గరిటెతో నా కంచంలో వడ్డించింది. అన్నం, చిక్కుళ్ళు. తిన్నాను. ఏడుస్తూ తిన్నానని నీకు చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఉప్పు సరిపోయింది. అమ్మ వంటకంటే బాగుందని మాత్రం ఎక్కడా అనకు. అయ్యాక ఆవిడ నా ఎదురుగా వచ్చి, నాకు కనపడేలా నోరు తెరిచి చెప్పింది, "ఆయన రెండోసారి అడిగి వేయించుకునేవారు." నేనూ అడిగాను.

ఇకమీదట మనింట్లో ఎవరైనా అబద్ధం చెబితే దానికి వేరే పేరు వెతుకుదాం. నువ్వు లైను వదలకు. మిషన్లు తిప్పినప్పుడల్లా ఆయన కనపడతాడు కదా, కనపడనివ్వు. కంచం ఇక్కడే, గిన్నె పక్కన అర మీద వదిలి వెళుతున్నాను, ఆవిడ ఒప్పుకుంది. మళ్ళీ ఈ ఊరు వచ్చినప్పుడు అందులో తిను. చిన్నప్పటి నుంచి నీ కళ్ళు దాని మీదే కదా.

ఒక్క సంగతి రాసి ముగిస్తాను, రైలుకు వేళవుతోంది. నేను తినడం కాగానే వంటింటి మనిషి ఒకతను వచ్చి నా కంచం తీసుకుని, మిగతా ఎంగిలి కంచాల గుట్టలో వేయకుండా విడిగా పట్టుకెళ్ళాడు. ఇక్కడ కూడానా అనుకుంటూ వెనకే వెళ్ళాను. తొట్టి దగ్గర కంచాల గుట్ట నడుము ఎత్తు ఉంది. అతను ఆ గుట్టను పక్కకు జరిపి, తొట్టిలో నీళ్ళు వదిలేసి, కొత్త నీళ్ళు పట్టి, గిన్నెనూ కంచాన్నీ ముందుకు తెచ్చుకున్నాడు. నన్ను కడగనివ్వమని అడిగాను. అతను పెద్దావిడ వైపు చూసి, పీచు నా చేతికిచ్చాడు. పంతొమ్మిదేళ్ళు అన్నిటికంటే చివర కడిగిన కంచాన్ని, ఇవాళ అన్నిటికంటే ముందు కడిగాను.

నీ అక్కయ్య